టాక్సీ డ్రైవర్లు గెలిచిన లెక్క

న్యూయార్క్‌లో పసుపు టాక్సీ నడిపేవాళ్లలో 90 శాతానికి పైగా వలస వచ్చినవాళ్లే. బంగ్లాదేశ్, పాకిస్తాన్, పంజాబ్, హైతీ, పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన వీళ్లందరికీ కలిపి ఒక భాష లేదు. పైగా చట్టం దృష్టిలో వీళ్లు కార్మికులే కారు. 1979లో నగరం టాక్సీల లీజుకు అనుమతి ఇచ్చింది. అంతకుముందు రోజు వసూళ్లలో వాటా తీసుకునే డ్రైవరు, ఆ తర్వాత షిఫ్టు మొదలవకముందే అద్దె కట్టి, పెట్రోలూ తానే పోయించుకుని, మిగిలింది ఇంటికి తీసుకెళ్లే ‘స్వతంత్ర కాంట్రాక్టరు’ అయ్యాడు. అమెరికా కార్మిక సంబంధాల చట్టం ఇలాంటివాళ్లకు వర్తించదు. జీతం కోసం బేరమాడదామంటే ఎదురుగా యజమానే ఉండడు. అయినా వీళ్లు కూడారు, గెలిచారు. హక్కు చట్టంలో ఉంటేనే సంఘం పుడుతుందన్న నమ్మకాన్ని ఈ నగరం తారుమారు చేసింది.

గుజరాత్‌లో పుట్టిన భైరవి దేశాయ్, కొందరు డ్రైవర్లు కలిసి 1998లో టాక్సీ వర్కర్స్ అలయన్స్‌ను స్థాపించారు. ఫ్యాక్టరీ గేటు లేని పనిలో మనుషుల్ని ఎక్కడ కలవాలి? విమానాశ్రయాల దగ్గర టాక్సీలు బారులు తీరే చోట, గ్యారేజీల్లో, రాత్రంతా తెరిచి ఉండే హోటళ్లలో కలిశారు. అప్పటి మేయర్ జూలియాని తెచ్చిన కఠిన నిబంధనలకు వ్యతిరేకంగా ఆ ఏడాది మే 13న సమ్మె చేస్తే, నగరంలోని 12 వేల పైచిలుకు టాక్సీల్లో అత్యధికం ఆగిపోయాయి. నిబంధనలు చాలావరకు అమలయ్యాయి. సంఘం మాత్రం చెదరలేదు, నా దృష్టిలో ఆ సమ్మె సాధించిన అసలు ఫలితం అదే. 2017 జనవరి 28న, కొన్ని ముస్లిం మెజారిటీ దేశాల ప్రయాణికులపై ట్రంప్ విధించిన నిషేధానికి నిరసనగా కెనడీ విమానాశ్రయంలో గంటసేపు ప్రయాణికుల్ని ఎక్కించుకోకుండా ఆగింది కూడా ఈ డ్రైవర్లే.

పెద్ద పరీక్ష అప్పుల రూపంలో వచ్చింది. టాక్సీ నడపడానికి నగరం ఇచ్చే పర్మిట్టును మెడాలియన్ అంటారు. 2014 నాటికి దాని ధర 10 లక్షల డాలర్లకు చేరింది. డ్రైవర్లు అప్పు చేసి కొన్నారు. ఆ తర్వాత ధర కూలింది, అప్పు అలాగే ఉండిపోయింది. 2018లో పలువురు డ్రైవర్లు ఆత్మహత్య చేసుకున్నారు. తెలిసి పెట్టుబడి పెట్టి నష్టపోతే ప్రజల సొమ్ముతో ఎందుకు ఆదుకోవాలని కొందరడిగారు. అడగదగ్గ ప్రశ్నే. కానీ మెడాలియన్లను వేలం వేసింది నగరమే, మంచి పెట్టుబడి అని ప్రచారం చేసిందీ నగరమే, ఆ ఆదాయాన్ని ఖజానాలో వేసుకుందీ నగరమే. ఊబర్ దెబ్బ నిజమే అయినా, అంతకుముందే అడ్డగోలు రుణాలు ధరను ఉబ్బించాయి.

2021లో నగరం మొదట ప్రకటించింది ఒక్కో మెడాలియన్‌కు 20 వేల డాలర్ల సాయం. లక్షల అప్పులో అది వడ్డీకే చాలదని, నగరం హామీదారుగా నిలిస్తేనే రుణదాత అసలు తగ్గిస్తాడని సంఘం లెక్క కట్టి చూపింది. సిటీ హాల్ ముందు వారాల తరబడి శిబిరం వేసి, చివర 15 రోజులు నిరాహార దీక్ష చేశారు. నవంబర్ 3న ఒప్పందం కుదిరింది: అతి పెద్ద రుణదాత దగ్గరున్న అప్పులు 2 లక్షల డాలర్లకు తగ్గుతాయి, అందులో 30 వేలు నగరం ఇస్తుంది, మిగతా 1,70,000కు హామీ ఉంటుంది, నెలసరి వాయిదా 1,122 డాలర్లు దాటదని అప్పట్లో ప్రకటించారు. సెనేటర్ షూమర్ లాంటివాళ్లు కలగజేసుకోబట్టే ఇది సాధ్యమైందనే వాదన ఉంది. వాళ్ల సాయం ఉంది. అయితే వాళ్ల చేతిలో పెట్టడానికి సిద్ధంగా ఉన్న లెక్క, రోడ్డు మీద కూర్చోగల మనుషులు, రెండూ ఇరవై ఏళ్ల సంఘం పనివల్ల వచ్చినవే.

హైదరాబాద్‌లో యాప్ క్యాబ్ నడిపేవాళ్లనూ కంపెనీలు కార్మికులు అనకుండా ‘పార్ట్‌నర్లు’ అనే పిలుస్తాయి. వాళ్లు సమ్మెకు దిగిన రోజు ఇబ్బంది పడ్డామని విసుక్కునే ముందు, వాళ్ల డిమాండ్ల కాగితంలో ఉన్న అంకెలు ఒకసారి చదవండి.