పది పరమాణువుల తోడు

కుండెడు పాలు తోడుకోవడానికి చెంచాడు మజ్జిగ చాలు. కాని రాత్రంతా ఆగాలి. సెకనును కోటికోట్ల భాగాలు చేసి, అందులో ఒక్క భాగంసేపు మాత్రమే మెరిసే లేసర్ వెలుగులో ఇలాంటి చిత్రమే జరుగుతుందంటే పాఠకులు నమ్ముతారా? ఇక్కడ కుండ ఒక హీలియం చుక్క. తోడు జెనాన్.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణంనాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో మకాం చేసి సూర్యుని మంటల వెలుగును పరీక్షించాడు. కనుక హీలియం కథతో మనకూ కొంత చుట్టరికం ఉంది. మూలకాలన్నింటిలోనూ ఇంతటి పిసినారి లేదు. దీని నుంచి ఒక ఎలక్ట్రానును ఊడబెరకాలంటే 24.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. జెనాన్‌కు 12.1 చాలు.

బాగా చల్లార్చిన హీలియంను పీడనంతో సన్నని రంధ్రంగుండా శూన్యంలోకి వదిలితే వేలాది పరమాణువుల చుక్కలు ఏర్పడతాయి. లక్ష చుక్కలు వరుసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు! వాటి ఉష్ణోగ్రత 0.37 కెల్విన్. దారిలో కాస్త జెనాన్ వాయువు ఉంచితే, ఆ పరమాణువులు చుక్కలోకి దిగి లోపల ముద్దకడతాయి.

శుద్ధమైన చుక్క కొంత తీవ్రతవరకు లేసర్‌కు చలించదు. అదే వెలుగు జెనాన్ ఎలక్ట్రానులను మాత్రం లాగేస్తుంది. మిగిలిన ధన అయానులు పక్కనున్న హీలియంను ఒకవైపు గుంజుతాయి, వెలుగు మరొకవైపు గుంజుతుంది. విడిపోయిన ఎలక్ట్రానులు వెలుగుతోపాటు ఊగుతూ ఇంకా కొన్నింటిని రాలగొడతాయి. అలా పుట్టిన ప్లాస్మా గుండ్రంగా కాక, మన చుట్టలాగా పొడవుగా పెరుగుతుందని 2009లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మికబెరిడ్జె, సాల్మన్, రోస్ట్ లెక్కకట్టారు. ఆ ఆకారం వల్లనే ఎలక్ట్రానుల ఊపు వెలుగు ఊపుతో త్వరగా కలుస్తుంది. ఉయ్యాల ఊగే వేళకు సరిగ్గా తోసినట్లు, శక్తి కుప్పలుగా చేరుతుంది. పట్టుమని పది జెనాన్ పరమాణువులకే చుక్క యావత్తూ భగ్గుమంటుందని 2011లో కృష్ణన్, ఆయన సహచరులు ప్రయోగంలో చూపారు.

ఇది వట్టి వినోదం కాదు. పరాయి జోలికి పోదనే నమ్మకంతోనే శాస్త్రజ్ఞులు సున్నితమైన అణువులను హీలియం చుక్కల్లో దాచి పరీక్షిస్తుంటారు. తీవ్రమైన లేసర్ ముందు ఆ నమ్మకం చెల్లదు. దాచుకున్న వస్తువే ఇంటికి నిప్పంటిస్తుంది!

తోడు ఎంత అన్నదే కాదు, ఎక్కడ ఉన్నదన్నదీ ముఖ్యమేనని 2016 నాటి పరిశోధన తేల్చింది. జెనాన్ లోపలికి దిగుతుంది. సోడియం, పొటాషియం అలా కాదు. చుక్క పైనే చిన్న గుంట చేసుకుని కూర్చుంటాయి.