చేబదులు – క్రెడిట్ కార్డు: వడ్డీ లేని గడువుపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

తెలుగులో అప్పుకు సంబంధించిన పదజాలం విస్తారమైనది. అరువు, తాకట్టు, వాయిదా, ఖాతా వంటి పదాలలో ఒక్కొక్కటి ఒక్కొక్క షరతును సూచిస్తుంది. పత్రం, వడ్డీ లేకుండా కొద్దిరోజుల కోసం తీసుకొనే సొమ్ము చేబదులు. కొనుగోళ్ళపై వడ్డీ లేని గడువునిచ్చే క్రెడిట్ కార్డు పైకి చేబదులు లాగే కనిపిస్తుంది. అయితే చేబదులు తెచ్చుకున్నవాడు సగం తీరిస్తే మిగిలిన సగానికే జవాబుదారీ. కార్డు విషయంలో అలా కాదు. ఈ భేదాన్ని గుర్తించకుండా, ప్రకటనలోని రోజుల సంఖ్యను బట్టి కార్డును ఎంచుకోవడం సరికాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

గడువు లెక్క:

'50 రోజుల వరకు వడ్డీ లేదు' అనే వాక్యంలో కీలకమైన పదం 'వరకు'. ప్రతినెలా 10వ తేదీన బిల్లు తయారై, 28వ తేదీ చెల్లింపునకు ఆఖరు రోజైన కార్డును ఉదాహరణగా తీసుకుందాం. జూన్ 11న కొన్న వస్తువు జులై 10 నాటి బిల్లులో చేరుతుంది. దానికి జులై 28 వరకు, అంటే 47 రోజులు, వడ్డీ ఉండదు. అదే వస్తువును జులై 10న కొంటే దక్కేది 18 రోజులే. నెల పొడవునా ఖర్చుచేసేవారికి సగటున సుమారు ఒక నెల గడువు లభిస్తుంది.

ఈ ఒక్క నెల విలువ ఎంత? నెలకు 20,000 రూపాయలు కార్డుతో ఖర్చుచేసి, ఆ సొమ్మును అప్పటిదాకా పొదుపు ఖాతాలో ఉంచామనుకుందాం. బ్యాంకు ఏడాదికి 3 శాతం వడ్డీ ఇస్తే నెలకు మిగిలేది 50 రూపాయలు, ఏడాదికి 600. కార్డుకు 500 రూపాయల వార్షిక రుసుము ఉంటే అందులో మిగిలేది నామమాత్రమే. అదే 20,000 బిల్లును ఒక నెలపాటు కట్టలేకపోతే, నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ 700, దానిపై 18 శాతం జీఎస్టీ 126, వెరసి 826 రూపాయలు. ఆలస్య రుసుము దీనికి అదనం. ఏడాది పొడవునా మిగిలినదంతా ఒక్క నెలలో పోయి, పైన ఎదురు కట్టవలసి వస్తుంది.

గడువు పోయే తీరు:

గత నెల బిల్లులో ఏ కొంత మిగిలినా వడ్డీ లేని గడువు రద్దవుతుందని ఖాతాదారుకు ప్రత్యేకంగా వివరించాలని భారతీయ రిజర్వు బ్యాంకు 2022 నాటి ఆదేశాలలో నిర్దేశించింది. 'కనీస చెల్లింపు' అన్న పేరు మాత్రం దీనికి విరుద్ధమైన భావాన్నే కలిగిస్తుంది. అది కడితే చాలునని అర్థం చేసుకోవడం సహజం. నిజానికి దానివల్ల ఆలస్య రుసుము తప్పుతుంది కాని, వడ్డీ తప్పదు. 20,000 బిల్లుకు 1,000 కడితే, చాలా బ్యాంకుల నిబంధనల ప్రకారం వడ్డీని ఆఖరు తేదీ నుంచి కాక కొన్న తేదీ నుంచే లెక్కిస్తారు. ఆపై కొన్న వస్తువులకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కార్డుతో ఏటీఎంలో తీసిన నగదుకైతే సాధారణంగా అసలు గడువే ఉండదు.

వడ్డీకి గరిష్ఠ పరిమితి ఉంటుందని ఆశించడానికి కూడా వీలులేదు. ఏడాదికి 30 శాతం మించరాదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసింది.

ఎంపిక:

కాబట్టి 45 రోజుల కార్డా, 50 రోజుల కార్డా అన్నది గౌణమైన ప్రశ్న. చెల్లింపు ఆఖరు తేదీ మన చేతికి డబ్బు అందిన తరువాత వస్తుందా, ముందు వస్తుందా అన్నదే ముఖ్యం. నెల మొదట జీతం అందే అధ్యాపకునికి 5 నుంచి 10వ తేదీలోపు ఆఖరు రోజు ఉండడం అనుకూలం. బిల్లు తేదీని కనీసం ఒక్కసారైనా మార్చుకొనే వీలు కల్పించాలన్నది కూడా రిజర్వు బ్యాంకు నిబంధనే. చాలామంది దీనిని వినియోగించుకోరు. ఫెలోషిప్ ఏ నెలలో జమ అవుతుందో తెలియని పరిశోధక విద్యార్థి సంగతి వేరు. అతనికి గడువు పొడవుకన్నా వడ్డీ రేటే ప్రధానం. బిల్లు మొత్తాన్ని తీర్చగల నమ్మకం లేని నెలలో కార్డుతో ఏమీ కొనకపోవడం ఇంకా మేలు.

జీతపు ఖాతా నుంచి బిల్లు తనంతట తానే చెల్లింపయ్యే ఏర్పాటు చేసుకొనేవారు ఒక విషయం గమనించాలి. ఆ దరఖాస్తులో 'మొత్తం బకాయి', 'కనీస బకాయి' అని రెండు గడులుంటాయి. గుర్తు పెట్టవలసింది మొదటిదానిలో.