పౌరహక్కుల శాసనము - అమెరికా పత్రికలు

1964 జూలై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పౌరహక్కుల శాసనముపై సంతకము చేసెను. హోటళ్లలోను, భోజనశాలలలోను, నాటకశాలలలోను వర్ణభేదము పాటింపరాదని ఆ శాసనము విధించినది. దక్షిణ రాష్ట్రముల సభ్యులు సెనేటులో దీర్ఘోపన్యాసములతో దాని నడ్డగింపజూచిరి. జూన్ 10వ తేదీన 71 మంది అనుకూలముగను, 29 మంది ప్రతికూలముగను వోటు చేసి చర్చను ముగించినగాని బిల్లు ముందుకు సాగలేదు. శాసనసభలోని యీ కథ యెల్లరెఱిగినదే. నాటి పత్రిక లేమి వ్రాసెనో, యేమి వ్రాయక దాచెనో విచారించుట మావంటి వారికి విధి.

రిచ్మండ్ న్యూస్ లీడర్ సంపాదకుడగు జేమ్స్ కిల్పాట్రిక్ ఈ బిల్లును రాజ్యాంగము పేర ఖండించెను. తన భోజనశాలలో నెవరికి వడ్డింపవలెనో యజమానికి చెప్పుటకు ప్రభుత్వమెవరని ఆయన వాదము. ఆస్తిపాస్తులుగల మా పాఠకులకు ఈ వాదము వినసొంపుగనే యుండును. మాకును మొదట నట్లే తోచినది. కాని 1963లో సాటర్డే ఈవినింగ్ పోస్టు పత్రికకు ఆయన వ్రాసిన వ్యాసములో, నల్లవారు తెల్లవారితో సమానులే కారని స్పష్టముగా నుండెను. అది అచ్చు కానున్న తరుణమున, సెప్టెంబరు 15న బర్మింగ్‌హామ్‌లో నల్లవారి చర్చియందు బాంబు పేలి నలుగురు బాలికలు మరణించిరి. వ్యాసము వెలువడలేదు. రాజ్యాంగపు ముసుగు వెనుక నున్న ముఖ మెట్టిదో దానివలననే తెలియుచున్నది.

అయినను కిల్పాట్రిక్ వాదించెను, వాదమునకు ప్రత్యుత్తరమీయవచ్చును. మౌనమునకు ప్రత్యుత్తర మెక్కడిది? కెంటకీ రాష్ట్రమున లెక్సింగ్టన్ పట్టణపు దినపత్రికలు తమ వీధులలోనే జరుగుచున్న సత్యాగ్రహములను చూచియు చూడనట్లుండెను. నల్లవారి సమాచారమునకు వేఱొక మూల కేటాయింపబడినది.

విచిత్రమేమనగా, మిసిసిపిలో అదే పేరుగల మఱియొక చిన్న పట్టణము కలదు. అచ్చట హేజెల్ బ్రానన్ స్మిత్ అను వనిత వారపత్రిక నడపుచుండెను. ఆమె వర్ణభేదమును మొదటినుండి యెదిర్చినది కాదు. ఒక నల్లయువకుని తుపాకితో గాయపఱచిన షెరీఫును 1954లో నిలదీసినది, అంతే. దావా పడినది, ప్రకటనలు పోయినవి, పోటీపత్రిక వెలసినది. ఆమె వెనుదీయలేదు. 1964లో సంపాదకీయములకు పులిట్జరు బహుమానమందినది.

కెంటకీ లెక్సింగ్టన్ పత్రిక 2004 జూలై 4వ తేదీన, శాసనము పుట్టిన నలువదియేండ్లకు, ఆ యుద్యమవార్తలను తాము ప్రకటింపకపోతిమని మొదటిపుటలో విచారము వెలిబుచ్చెను. నాటి పట్టణచరిత్రను వ్రాయబూనినవారికి మాత్రము నాటి పత్రికలలో దొరకున దతిస్వల్పము.