తాపీ నుండి గోదావరి వరకు: శిల కరిగిన కథ

గోదావరి తీరం నుండి బదిలీపై సూరత్ చేరిన కుటుంబాలకు ఊరు కొత్త, భాష కొత్త. అయితే వారికంటే ముందే ఇక్కడ స్థిరపడిన చుట్టం ఒకటి కలదు. అది నల్లరాయి. సూరత్‌కు తూర్పున సోన్‌గఢ్, సాపుతారా కొండలలోని బసాల్టు శిలకూ, రాజమహేంద్రవరం పరిసరాలలో కాటేరు, పంగిడి వద్ద కనిపించే నల్లరాతికీ పుట్టుక ఒక్కటే. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కనులో పొంగిన లావా వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి ఆ ప్రాంతాన్ని చేరిందని పలువురు భూగర్భ శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఇంతటి శిల ఎలా కరిగింది? భూమి లోపలంతా మరుగుతున్న ద్రవమేనని మనం పిల్లలకు చెబుతూ ఉంటాము. అది సరికాదు. సుమారు 2,900 కిలోమీటర్ల లోతు వరకు భూమి దాదాపు ఘనరూపంలోనే ఉన్నది. ద్రవంలో ప్రయాణించలేని ఒక రకం భూకంప తరంగాలు ఆ భాగం గుండా సాగిపోవడమే ఇందుకు నిదర్శనం. నూరు కిలోమీటర్ల లోతున వేడి 1,300 డిగ్రీల సెంటీగ్రేడు ఉన్నా, పైనున్న శిలల భారం ఆ రాతిని కరగనివ్వదు.

వంటింటి ప్రెషర్ కుక్కర్‌ను గమనించండి. అందులోని నీరు నూరు డిగ్రీలు దాటిన పిదపనే మరుగుతుంది. పొయ్యి ఆర్పి, ఆవిరిని వదిలితే, మంట లేకున్నా లోపలి నీరు కుతకుతలాడుతుంది. వేడి శిల పైకి జరిగినప్పుడు జరిగేదీ ఇటువంటిదే. ఒత్తిడి తగ్గుతుంది, శిల కరుగుతుంది. అదనపు వేడి అవసరం లేదు. నేడు రీయూనియన్ ద్వీపం క్రింద ఉన్న ఉష్ణస్థానం మీదుగా ఆనాడు మన భూఖండం సాగినప్పుడు దక్కను లావా పుట్టిందని భావిస్తున్నారు.

శిల ఒక్కసారిగా కరగదు. అందులోని ఖనిజాలు కొన్ని ముందు, కొన్ని తరువాత కరుగుతాయి. పైగా పదార్థాలు కలిసినప్పుడు విడివిడిగా కంటే తక్కువ వేడికే కరుగుతాయి. తగరం 232, సీసం 327 డిగ్రీల వద్ద కరుగగా, తగు పాళ్ళలో కలిపిన టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది. మంచులో ఉప్పు చేసే పని, లోతున శిలలో నీరు చేసే పని ఇదే.

మంచుగడ్డ తీరు మాత్రం విపరీతం. కరిగితే దాని పరిమాణం తగ్గుతుంది కనుక, ఒత్తిడి దానిని కరిగించడానికే తోడ్పడుతుంది. అంటార్కిటికాలో దాదాపు 4 కిలోమీటర్ల మందపు మంచు అడుగున వోస్తోక్ సరస్సు నీరు, సున్నాకు సుమారు మూడు డిగ్రీలు దిగువన కూడా గడ్డకట్టక నిలిచి ఉన్నది. భూగర్భపు వేడిని పైనున్న మంచు దుప్పటివలె నిలుపుతున్నది.

చమురు అన్వేషణలో ఈ పరిజ్ఞానం ఎంతో అవసరం. ఖంభాత్ బేసిన్‌లో చమురు గల పొరలకు ఈ నల్లరాయే పునాది. గోదావరి బేసిన్‌లోనైతే ఈ రాతిపొర క్రింద కూడా సహజవాయువు లభించింది. ఒకే రాయి ఒకచోట అడుగు, మరొకచోట మూత. ఆ తేడా తెలియకుంటే బావి ఎక్కడ ఆపాలో తెలియదు.

ఈసారి సెలవులకు సాపుతారా వెళ్ళినప్పుడు ఆ రాతిని పిల్లలకు చూపండి. స్వస్థలం వెళ్ళినప్పుడు అక్కడి రాతిని కూడా చూపండి. రెండు ఊళ్ళూ తమవేనని వారే గ్రహిస్తారు.