జనరేటరు ఇంజను రీబోరు - పిస్టను సందు కొలత

కూలరు ఉన్న పాల సంఘానికి కరెంటు పోయిన వేళ డీజిలు జనరేటరే దిక్కు. అది మొరాయిస్తే 4 డిగ్రీలకు చల్లబడవలసిన పాలు పులిసిపోతాయి. అందుకే ఇంజను బలహీనపడగానే బుగ్గారం ప్రాంతపు సంఘాలవారు జగిత్యాలకో కోరుట్లకో తీసుకుపోయి రీబోరు చేయిస్తారు. కాని తనిఖీలో మేము చూచే వోచర్లలో తరచు "రీబోరు ఖర్చు" అన్న మాటే ఉంటుంది, పిస్టనుకూ లైనరుకూ మధ్య ఎంత సందు ఉంచారో ఉండదు.

ఆ సందు అవసరమెందుకు? పిస్టను అల్యూమినియం, లైనరు పోత ఇనుము. 80 మి.మీ. వ్యాసం గల అల్యూమినియం పిస్టను 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.17 మి.మీ. ఉబ్బుతుంది. ఇనుము అందులో సగమే. పైగా లైనరును నీరు చల్లబరుస్తుంది, పిస్టనుకు ఆ సుఖం లేదు. సందు చాలకపోతే పిస్టను పట్టేస్తుంది. ఎక్కువైతే టకటక శబ్దం, నీలి పొగ, ఆయిలు ఖర్చు.

మొదట ఓవర్‌సైజు పిస్టను కొని, దానిని కొలిచిన తరువాతే లైనరు బోరు చేయించవలెను. పిస్టను పూర్తి గుండ్రం కాదు, పైభాగం సన్నం. కాబట్టి తయారీదారు పుస్తకంలో చూపిన చోట, పిన్నుకు అడ్డంగా, మైక్రోమీటరుతో కొలవాలి. లైనరును బోరు గేజితో పైన, నడుమ, కింద, ఒక్కొక్కచోట రెండు దిక్కులా చూడాలి. ఆరు కొలతలూ దాదాపు ఒకటే కావాలి. ఉదాహరణకు లైనరు 80.50, పిస్టను 80.40 అయితే సందు 0.10 మి.మీ. మీ ఇంజనుకు ఎంత ఉండాలో పుస్తకమే చెప్పాలి. 2014లో తయారీ ఆగిన అంబాసిడరు కార్ల ఇంజన్లను నేటికీ కట్టే మేస్త్రీలదీ ఇదే లెక్క.

పిస్టను, లైనరు రెండూ నీడలో ఒకే వేడికి వచ్చాకే కొలవాలి. మే నెల ఎండలో పెట్టిన పిస్టను 20 డిగ్రీల తేడాకే 0.03 మి.మీ. పెద్దదిగా కనిపిస్తుంది. ఫీలరు గేజి రేకు దూర్చి చూడడం తప్పు కాదు గాని, లైనరు కోలగా అరిగి ఉంటే అది పట్టుకోలేదు. బొటనవేలితో నెట్టి "సరిపోయింది" అనేవారి మాట మేము ఒప్పుకోము.

కార్యదర్శులు పిస్టను కొలతను, లైనరు ఆరు కొలతలను బిల్లు వెనుక మేస్త్రీచేత రాయించి, సంతకం తీసుకొని వోచరుకు జతపరచవలెను. పాత పిస్టను, రింగులు మా తనిఖీ అయ్యేవరకు సంఘంలోనే ఉంచగలరు.