విపత్తు ప్రణాళికలో వాడ ఎక్కడ?

విపత్తు అనగానే మన అధికారులకు వరదే యాదికొస్తది. 2009 అక్టోబర్‌లో కృష్ణ, తుంగభద్ర పొంగి అలంపూర్, రాజోలి మునిగినప్పుడు లోకమంతా చూసింది. నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాలకు ఏటా వచ్చే విపత్తు మాత్రం కంటికి ఆనదు. అది ఎండ. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేలకు పైగా జనం చనిపోయారు. తెలంగాణలో ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో నల్గొండ ఒకటి.

ఎండ అందరికీ ఒక్కటే కదా అంటారు. కాదంటున్నాం మేము. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బయటికి రావద్దని ఏటా హెచ్చరిస్తరు. పత్తికట్టె పీకేటోళ్లు, ఇటుక బట్టీల పనిచేసేటోళ్లు ఇంట్ల కూసుంటే ఆ పూట కూలి ఎవరిస్తరు? కూసున్నా నెత్తిమీద రేకులే. హెచ్చరిక రాసినోళ్లు ఫ్యాను కింద కూసోని రాసినట్టుంది.

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకు కలెక్టర్ అధ్యక్షతన ఒక సంస్థ, ఒక ప్రణాళిక ఉండాలి. దాన్ని ఏటా సవరించాలి. సహాయంలో, పరిహారంలో కులవివక్ష కూడదని 61వ సెక్షన్ చెబుతుంది. మంచిదే. కానీ వివక్ష సహాయం పంచేకాడ మొదలుకాదు, పేర్లు రాసుకునేకాడనే మొదలైతది. గ్రామాన్ని ఒక్క ముద్దగా లెక్కపెడితే ఊరికీ వాడకూ నడుమ దూరం కనపడదు. చలివేంద్రం బస్టాండు కాడ పెడ్తరు, వాడ దాకా రాదు. చాలా ఊళ్లల్లో చాటింపు వేసేది మాదిగ డప్పే. అయినా ఏం చాటాలో రాసేకాడ ఆ మనిషిని అడిగేటోళ్లు లేరు. 2016 నుంచి పాత రెండు జిల్లాలు ముక్కలై కలెక్టరేట్లయితే పెరిగినయి.

వడదెబ్బ చావుకు అంతకుముందు ఆపద్బంధు కింద 50 వేలు ఇచ్చేవారు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి పరిహారాన్ని 4 లక్షలు చేసింది. అయితే అది వడదెబ్బ చావేనని కాగితం మీద తేలాలె. పోస్టుమార్టం కావాలె, అధికారులు, డాక్టరు ధ్రువీకరించాలె. కూలికి పోయి చేనుగట్టున పడిపోయిన మనిషిని వాడకు తెచ్చి, పొద్దుగూకకముందే బొందపెడ్తరు. స్టేషన్‌కు పోవాలంటే భయం, ఆసుపత్రికి పోవాలంటే బండి లేదు. గుండె ఆగిందని చెప్పుకుంటరు. ఈ ఏడు లెక్కకెక్కని చావు వచ్చే ఏటి ప్రణాళికలో ముప్పుగా ఎట్ల నమోదైతది?

విద్యార్థులు, ఉపాధ్యాయులు సమాచార హక్కు కింద తమ జిల్లా ప్రణాళిక తెప్పించుకొని వాడ పేరుందో లేదో చూడాలి. ఈలోగా ఎవరైనా ఎండకు పడిపోతే నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, 108కి ఫోన్ చెయ్యాలి. పానం పోతే బొంద తవ్వకముందే స్టేషన్‌కు చెప్పి పోస్టుమార్టం అడగాలి.