చెక్క నేల పరిచే చేతికి తగ్గని గిరాకీ: ఓక్ పలక భవిష్యత్తు మేస్త్రి మీదే ఆధారం

కలప వర్తకంలో దుంగ ధర, కోత కూలి, ఓడ కిరాయి, దిగుమతి సుంకం, ఈ నాలుగు లెక్కలూ ప్రతి వర్తకునికీ కరతలామలకమే. అయితే ఇంటి నేలకు పరిచే పలకల వ్యాపారంలో అయిదవ లెక్క ఒకటి ఉన్నది. అది పలకను పరిచే మేస్త్రి పనితనం. ఎంత మేలిరకం సరుకు కొన్నా, పరిచిన చేయి సరైనది కాకపోతే ఏడాది తిరిగేలోగా పలకలు ఉబ్బి లేస్తాయి, లేదా వాటి మధ్య సందులు పడతాయి. అప్పుడు ఇంటి యజమాని వేలెత్తి చూపేది మేస్త్రి ఒక్కని వైపే కాదు, సరుకు అమ్మిన వర్తకుని వైపు కూడా.

ఈ సరుకుకు ప్రపంచంలోని పెద్ద మార్కెట్లలో అమెరికా ఒకటి. అక్కడ చెక్క నేల పరచడం మామూలు వడ్రంగం నుంచి విడివడి ప్రత్యేక వృత్తిగా నిలబడింది. ఆ వృత్తికి నేడు ఎదురవుతున్న పోటీని, ముందున్న అవకాశాలను పరిశీలిస్తే గట్టి కలప గిరాకీ ఏ వైపు మొగ్గుతున్నదో కొంతవరకు బోధపడుతుంది.

సరుకు వివరం

అమెరికా ఇళ్లలో తరతరాలుగా చెల్లుబాటవుతున్న సరుకు ఎర్ర ఓక్, తెల్ల ఓక్. మామూలు పట్టీ పలక మందం ముప్పాతిక అంగుళం, వెడల్పు రెండుంబావు అంగుళాలు. పలకకు ఒక అంచున నాలుక, రెండవ అంచున గాడి ఉంటాయి. ఒక పలక నాలుక పక్క పలక గాడిలో కూర్చుంటుంది. మేకును నాలుక మీద ఏటవాలుగా దించుతారు కనుక పైకి కనబడదు.

పలకలను క్లియర్, సెలెక్ట్, నంబర్ 1 కామన్, నంబర్ 2 కామన్ అని రకాలుగా విడదీస్తారు. ముడులు, రంగు తేడాలు, పలకల పొడవు, వీటిని బట్టి రకం మారుతుంది, ధర మారుతుంది. మన్నికలో మాత్రం పెద్ద తేడా ఉండదు. గట్టితనాన్ని జాంకా పరీక్షతో కొలుస్తారు. చిన్న ఉక్కు గుండును కలపలోకి సగం వరకు దించడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో అదే ఆ కలప అంకె. ఎర్ర ఓక్‌కు 1290, తెల్ల ఓక్‌కు 1360, గట్టి మేపుల్‌కు 1450. బాస్కెట్‌బాల్ ఆట స్థలాలకు మేపుల్‌నే ఎక్కువగా వాడడానికి ఈ గట్టితనం ఒక కారణం.

కోత కలపను బోర్డు అడుగుల లెక్కన అమ్ముతారు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం కలిస్తే ఒక బోర్డు అడుగు. తయారైన ఫ్లోరింగ్ పలక అమ్మకం మాత్రం చదరపు అడుగు లెక్కన. మేస్త్రి కూలి కూడా చాలావరకు చదరపు అడుగు లెక్కే. ఎంత వేగంగా పరిస్తే అంత రాబడి. ఈ వృత్తిలోని చిక్కు అంతా ఇక్కడే ఉన్నది. పలకను నిదానంగా చూసుకోమంటుంది కలప. త్వరగా ముగించమంటుంది కూలి.

పని తీరు

పరిచే పని మేకు కొట్టడంతో మొదలు కాదు. ముందు అడుగు నేల చదునుగా ఉన్నదో లేదో చూడాలి. ఎత్తున్నచోట అరగదీయాలి, పల్లమున్నచోట నింపాలి. కట్టలు విప్పి, రంగు కలిసేటట్లు నాలుగైదు కట్టల పలకలను కలగలిపి వరుసలు పేర్చుకోవాలి. పక్క పక్క వరుసల్లో పలకల కొసలు ఒకచోట పడకుండా కనీసం 6 అంగుళాల ఎడం ఉంచాలి. మొదటి వరుస దారం పట్టినట్లు నిలిస్తేనే చివరి వరుస గోడకు సూటిగా చేరుతుంది. గోడల వెంట ముప్పాతిక అంగుళం ఖాళీ వదలడం ఆనవాయితీ. ఆ ఖాళీని అంచు బద్దె కప్పివేస్తుంది. కోతలో పోయే తరుగు కింద నూటికి 5 చదరపు అడుగులైనా అదనంగా కొనాలి. అంటే 1000 చదరపు అడుగుల నేలకు 1050 అడుగుల సరుకు.

తరువాత అరగదీత. ముతక గరుకు కాగితంతో మొదలుపెట్టి, మధ్యరకంతో నడిపి, సన్నకాగితంతో ముగిస్తారు. నడుమ ఒక మెట్టు దాటవేస్తే గీతలు ఆ పూటకు కనబడవు. రంగు, వార్నిషు పట్టించాక బయటపడతాయి. అరగదీత యంత్రాన్ని ఒక్క క్షణం ఒకేచోట నిలిపితే నేలలో గుంట పడుతుంది. ఈ పని చేతికి పట్టుబడడానికి ఏళ్లు పడుతుంది.

చెమ్మ లెక్క

ఫ్లోరింగ్ పలకను బట్టీలో ఆరబెట్టి, చెమ్మ 6 నుంచి 9 శాతం మధ్య ఉండగా మిల్లు బయటికి పంపుతారు. ఆ తరువాత పలక తాను చేరిన గదిలోని గాలిని బట్టి చెమ్మ పీలుస్తుంది, వదులుతుంది. పరిచే రోజున పలకకూ అడుగు చెక్కకూ చెమ్మలో తేడా సన్నపలకకు 4 పాళ్లు, 3 అంగుళాలు, అంతకు మించిన వెడల్పు పలకకు 2 పాళ్లు దాటరాదన్నది అక్కడి వృత్తి నియమం.

ఈ 4 పాళ్లకు విలువ ఎంతో వర్తకులు లెక్క వేసి చూడవచ్చు. మామూలు కోత ఎర్ర ఓక్‌లో చెమ్మ ఒక పాలు మారితే అంగుళం వెడల్పుకు 0.00369 అంగుళం మార్పు వస్తుంది. రెండుంబావు అంగుళాల పలకలో 4 పాళ్ల చెమ్మ పెరిగితే అది 0.033 అంగుళం ఉబ్బుతుంది. చూడటానికి ఇది గోరంత. కాని 15 అడుగుల వెడల్పు గదిలో ఇటువంటి పలకలు 80 వరుసలు పడతాయి. మొత్తం కలిపితే రెండున్నర అంగుళాలకు పైమాటే. మేకులు కొంత అదిమి పట్టినా, గోడల పక్కన వదిలిన ఖాళీ ఇంత ఉబ్బుకు చాలదు. నేల మధ్యలో లేస్తుంది. 5 అంగుళాల పలకలో అదే చెమ్మకు ఒక్కొక్క పలక 0.07 అంగుళం పైగా మారుతుంది. ఎండాకాలంలో అంత సందు కంటికి కొట్టవచ్చినట్లు కనబడుతుంది. వెడల్పు పలకల మోజు పెరిగిన కొద్దీ చెమ్మ కొలిచే మీటరు చేతబట్టిన మేస్త్రికి విలువ పెరిగింది ఇందుకే.

ఒకసారి పడి లేచిన వృత్తి

ఈ వృత్తి అంతరించిపోతున్నదన్న మాట కొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో కట్టిన లక్షలాది ఇళ్లకు ఓక్ పట్టీ నేలే ఆనవాయితీ. 1950 దశకం మధ్యలో ఉత్పత్తి శిఖరానికి చేరింది. 1960 దశకంలో గోడ నుంచి గోడకు పరిచే కార్పెట్ చవకగా వచ్చి పడింది. అడుగున మామూలు ప్లైవుడ్ కొట్టి, పైన కార్పెట్ పరిస్తే సరిపోయింది. ఓక్ గిరాకీ కుప్పకూలింది. అనేక మిల్లులు మూతపడ్డాయి. మేస్త్రీలు వేరే పనుల్లోకి వెళ్లారు.

1980 దశకంలో గాలి మళ్లింది. పాత ఇళ్లు కొన్నవారు మాసిన కార్పెట్ ఎత్తి చూస్తే అడుగున ఓక్ చెక్కుచెదరకుండా ఉన్నది. అరగదీసి వార్నిషు పూస్తే కొత్త నేల అయింది. మిగిలిన కొద్దిమంది పాత మేస్త్రీలకు చేతినిండా పని దొరికింది. నేషనల్ వుడ్ ఫ్లోరింగ్ అసోసియేషన్ ఏర్పడింది కూడా 1985లోనే. 2005లో 20 లక్షలు దాటిన కొత్త ఇళ్ల నిర్మాణాలు 2009లో సుమారు 5.5 లక్షలకు దిగజారినప్పుడు మరొక దెబ్బ తగిలింది. అప్పుడు కూడా కొత్త ఇళ్ల మీదే బతికినవారు ముందుగా చితికిపోయారు. పాత నేలల మరమ్మతు తెలిసినవారికి కొంత ఆసరా మిగిలింది.

నేటి పోటీ

నేటి పోటీ సరుకు కార్పెట్ కాదు, చెక్కలా కనబడే చెక్క కాని పలక. 1990 దశకం చివర స్వీడన్, బెల్జియం కంపెనీల నుంచి జిగురు, మేకు లేకుండా ఒకదానికొకటి పట్టుకునే తాళపు అంచు లామినేట్ పలకలు వచ్చాయి. ఆ తరువాత అదే అంచుతో వినైల్ పలకలు మార్కెట్‌ను ముంచెత్తాయి. వీటికి నీటి భయం లేదు. ఇంటి యజమాని తానే పరచుకోగలడు. ఇంకొకవైపు మిల్లులోనే వార్నిషు వేసి పంపే పలక వచ్చి అరగదీత కూలిని కొంత మింగింది. అడుగున ప్లైవుడ్, పైన పలుచని ఓక్ పొర ఉన్న ఇంజనీర్డ్ పలక మరికొంత మింగింది. చైనా నుంచి వచ్చే ఇటువంటి పలకల మీద అమెరికా 2011లో డంపింగ్ వ్యతిరేక సుంకం విధించినా ఆ రకం వాడకం ఆగలేదు.

అయినా ఘన ఓక్‌కు ఒక బలం మిగిలే ఉన్నది. ముప్పాతిక అంగుళం పలకను అనేకసార్లు అరగదీసి కొత్తది చేయవచ్చు. పలుచని పొరను ఒకసారి అరగదీయడమే కష్టం. వినైల్‌ను అసలు అరగదీయరాదు, తీసి పారవేయవలసిందే. ఇప్పటికే పరచి ఉన్న ఓక్ నేలలు కోట్ల చదరపు అడుగులు. వ్యాయామశాలల మేపుల్ నేలలకు ఏటేటా పైపూత, కొన్నేళ్లకొకసారి అరగదీత తప్పవు. కనుక కేవలం పలక పరచడం మాత్రమే తెలిసిన చేతికి పోటీ పెరుగుతుంది. అరగదీత, మరమ్మతు, రంగు కలపడం, చెమ్మ కొలవడం తెలిసిన చేతికి గిరాకీ నిలుస్తుంది.

కలప ధరల వైపు చూస్తే, 2018లో మొదలైన సుంకాల పోరులో చైనా అమెరికా గట్టి కలపపై సుంకాలు వేయడంతో ఎర్ర ఓక్ ధర దెబ్బతిన్నది. తెల్ల ఓక్ కథ వేరు. ఇళ్లలో లేతరంగు నేలల మోజు ఒకవైపు, బర్బన్ విస్కీ పీపాల గిరాకీ ఇంకొకవైపు ఆ కలపను లాగుతున్నాయి. బర్బన్‌ను కొత్త ఓక్ పీపాలోనే నిలవ చేయాలన్నది అక్కడి చట్టం. ఒకే చెట్టుకు ఇద్దరు కొనుగోలుదారులున్నప్పుడు ధర ఎటు పోతుందో చెప్పనవసరం లేదు.

మోకాళ్ల కిరాయి

ఈ వృత్తిలో చెల్లించవలసిన మరొక ధర ఉన్నది. రోజంతా మోకాళ్ల మీద పని. నడుము, భుజాలు అరిగిపోతాయి. చెక్క పొడి ఊపిరితిత్తులకు చేటు. కలప ధూళిని క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రకటించింది. నూనె వార్నిషు తుడిచిన గుడ్డలను కుప్పవేస్తే వాటంతట అవే అంటుకుంటాయి. ధూళిని పీల్చే యంత్రాలు, నీటితో కలిపిన వార్నిషులు వచ్చాక పరిస్థితి కొంత మెరుగైంది. అయినా చాలామంది సొంత లెక్కన, చదరపు అడుగు కూలికి పనిచేసేవారే. మోకాలు పట్టేసిన రోజు రాబడి లేదు. పాతతరం తప్పుకుంటున్నది, కొత్తవారు తక్కువమంది వస్తున్నారన్నది అక్కడి ఫ్లోరింగ్ వర్తకులు కొన్నేళ్లుగా చెబుతున్న మాట. పనివారిలో లాటిన్ అమెరికా దేశాల నుంచి వలస వచ్చినవారి సంఖ్య పెద్దది కావడంతో వలస చట్టాల బిగింపు కూడా కూలి ధరలను తాకుతుంది.

మన మార్కెట్ మాట

తాండూరు బండ, గ్రానైటు, పింగాణీ టైల్స్ ఏలుతున్న మన ప్రాంతంలో చెక్క నేల ఇంకా పడకగదికే పరిమితం. అదీ ఎక్కువగా లామినేట్ పలకే. రోజూ తడిగుడ్డతో నేల తుడిచే మన ఇళ్ల అలవాటు, వానాకాలపు గాలి, చెదలు, ఈ మూడూ ఘన పలకకు పరీక్షలే. బర్మా తన టేకు దుంగల ఎగుమతిని 2014 ఏప్రిల్ 1 నుంచి నిషేధించిన తరువాత ఆఫ్రికా, లాటిన్ అమెరికా తోటల టేకు మీద మన వర్తకులు మరింతగా ఆధారపడవలసి వచ్చింది. వయసు తక్కువ చెట్టులో చేవ భాగం తక్కువ. కనుక సరుకు ఎంపికలోనూ, ఆరబెట్టడంలోనూ జాగ్రత్త రెట్టింపు కావాలి. వాతావరణంలోని చెమ్మను బట్టి దేశాన్ని నాలుగు మండలాలుగా విభజించి, ఏ పనికి ఎంత చెమ్మ గల కలప వాడాలో భారత ప్రమాణం ఐ.ఎస్. 287 చెబుతున్నది. విశాఖలో సరిపడిన పలక హైదరాబాద్ ఎండాకాలంలో సందులు విడవవచ్చునని దీని సారం.

ఇక్కడ ఈ పనికి ప్రత్యేక మేస్త్రీలు తక్కువ. తలుపులు, అల్మారాలు చేసే వడ్రంగులే నేల కూడా పరుస్తున్నారు. పనితనానికి లోటు లేదు. లోటల్లా చెమ్మ మీటరు, కొన్ని రోజుల ఓపిక. కొత్త కాంక్రీటు పూర్తిగా ఆరకముందే, గృహప్రవేశం ముహూర్తం ముంచుకు వస్తున్నదని పలక పరిపిస్తే నష్టం వచ్చేది వర్తకుని పేరుకే.

మొత్తంమీద చూస్తే చవక పలకల అంగట్లో చెక్క నేల వాటా మీద ఒత్తిడి కొనసాగవచ్చు. మేలిరకం తెల్ల ఓక్‌కు, పాత నేలల మరమ్మతు పనికి గిరాకీ నికరంగా ఉండగలదు. పలకతోపాటు నమ్మకమైన మేస్త్రిని కూడా చూపించగల వర్తకునికి ఫిర్యాదులు తగ్గుతాయి, ఖాతా నిలుస్తుంది. కట్టలు దింపే ముందు గది చెమ్మ కొలిపించడానికి అయ్యే ఖర్చు స్వల్పం. లేచిన నేలను ఊడదీయించే ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు.